బైబిలు అద్భుతాలకు ప్రకృతి కారణాలు: లెక్కకు నిలిచేవేవి, నిలవనివేవి

మీ సండే స్కూల్లో పెద్ద పిల్లలు ఒక వీడియో చూసి వచ్చి, "ఎర్ర సముద్రం గాలికి తొలగిందట, మన్నా అంటే పురుగులు కార్చిన తేనెట, యెరికో గోడలు భూకంపానికి పడ్డాయట, నిజమేనా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశారు. అన్నిటికీ కలిపి ఔననో కాదనో ఒక్క మాటలో తేల్చే విషయం కాదండి ఇది. వీటిలో కొన్ని వివరణలు లెక్క కట్టి చూసినా గట్టిగా నిలుస్తాయి. కొన్ని సగం దూరం వచ్చి ఆగిపోతాయి. కొన్ని మొదటి ప్రశ్నకే కూలిపోతాయి. ఆ వీడియోలు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాయి. చిక్కంతా అక్కడే.

ముందు వాక్యం తెరిచి చదవండి. గాలి ఎటు నుంచి వీచింది, ఏ కాలం, ఏ ఊరి దగ్గర అన్నది వాక్యమే చెప్పిన చోట పరిశీలనకు పట్టు దొరుకుతుంది. చెప్పని చోట మనం కారణం అతికిస్తే అది ఊహే అవుతుంది. పట్టు దొరికాక చోటు, రుతువు, పరిమాణం ఈ మూడూ సరిపోతున్నాయా అని చూడాలి. చాలా వివరణలు మూడోదాని దగ్గరే దెబ్బతింటాయి.

సముద్రం సంగతి ముందు చూద్దాం, ఎక్కువ సరుకున్నది దీంట్లోనే. నిర్గమకాండం 14:21 ప్రకారం దేవుడు నీళ్లను తొలగించింది రాత్రంతా వీచిన బలమైన తూర్పుగాలితో. సినిమాల్లో మోషే కర్ర చాపగానే రెండు క్షణాల్లో సముద్రం చీలుతుంది. వాక్యంలో అది రాత్రంతా పట్టిన పని, చేసింది గాలి. పిల్లలకు ఈ ఒక్క వచనం చదివి వినిపించినా సగం గందరగోళం పోతుంది.

"ఎర్ర సముద్రం" అన్న పేరు గ్రీకు అనువాదం నుంచి వచ్చింది. హెబ్రీలో ఉన్న మాట యామ్ సూఫ్. సూఫ్ అంటే ఏమిటో మన తెలుగు బైబిల్లోనే దొరుకుతుంది: నిర్గమకాండం 2:3లో పసివాడైన మోషేను పెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున "జమ్ము"లో ఉంచారు చూడండి, ఆ జమ్ముకు హెబ్రీలో ఉన్నది సూఫే. అలా చూస్తే ఇది జమ్ము సముద్రం. జమ్ము లోతు నీళ్లలో పెరగదు. కొల్లేరు చూసినవాళ్లకు ఆ నీళ్లు ఎలాంటివో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇదే పేరును 1 రాజులు 9:26లో అకాబా సింధుశాఖకూ (ఎర్ర సముద్రపు ఈశాన్య పాయకూ) వాడారు, కాబట్టి పేరు ఒక్కదాన్ని పట్టుకుని చోటు తేల్చలేం.

ఇక గాలి నీటిని ఎలా తొలగిస్తుంది? వేడి టీని సాసర్లో పోసి ఊదండి. మన వైపు అంచు దగ్గర టీ పలచబడి, అవతలి అంచున పైకి లేస్తుంది. తుపాను గాలి సముద్రాన్ని గట్టు మీదికి నెడితే దాన్ని మనం ఉప్పెన అంటాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది అదే. అదే గాలి గట్టు మీది నుంచి సముద్రంలోకి వీచే చోట నీళ్లు వెనక్కి పోతాయి. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు అమెరికాలోని టాంపా అఖాతంలో నీళ్లు వెనక్కి తగ్గి, జనం బయటపడిన నేల మీద నడిచారు. 2022లో ఇయాన్ హరికేన్‌కూ అక్కడ అలాగే జరిగింది. ఉప్పెనా ఇదీ ఒకే నాణేనికి రెండు వైపులు.

లెక్క పెద్ద కష్టం కాదు. గాలి నీటిని లాగే ఒత్తిడి కావాలంటే గాలి సాంద్రత (1.2), ఘర్షణ గుణకం (సుమారు 0.002), గాలి వేగం వర్గం, ఈ మూడింటినీ గుణించాలి. వేగం సెకనుకు 28 మీటర్లు అనుకుంటే 1.2 × 0.002 × 784, అంటే దాదాపు 1.9 పాస్కల్. దీన్ని నీటి సాంద్రత, గురుత్వం, లోతుల లబ్ధంతో భాగిస్తే నీటి మట్టం ఎంత వాలుతుందో వస్తుంది. లోతు 2 మీటర్లయితే కిలోమీటరుకు సుమారు 10 సెంటీమీటర్లు. 20 కిలోమీటర్ల పొడవున్న చెరువులో రెండు కొసల నీటి మట్టాల మధ్య తేడా దాదాపు 2 మీటర్లు వస్తుంది, గాలి పుట్టే వైపు నీరు బాగా తగ్గిపోతుంది. ఇప్పుడు లోతు 700 మీటర్లు వేసి చూడండి. అదే గాలికి, అదే 20 కిలోమీటర్లకు తేడా అర సెంటీమీటరు! లోతు భాగహారంలో ఉంది, కీలకమంతా దాంట్లోనే.

అకాబా సింధుశాఖలో నువైబా దగ్గర దాటారని, సముద్రం అడుగున రథ చక్రాలు దొరికాయని వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు మీ దాకా వచ్చే ఉంటాయి. అక్కడ లోతు 700 మీటర్లకు పైనే. గాలి వివరణ అక్కడ పనిచేయదు. ఆ చక్రాల్లో ఒక్కటీ పైకి తీసి పరీక్షకు పెట్టిన పురావస్తువు కాదు. దయచేసి వాటిని క్లాసులో చూపించకండి. రేపు అవి అబద్ధమని పిల్లలు తెలుసుకున్న రోజు మీరు చెప్పిన నిజాలనూ నమ్మరు.

గాలి వివరణ పనిచేసేది నైలు డెల్టా తూర్పు అంచున ఉన్న లోతు తక్కువ సరస్సుల్లో. 1882లో టలక్ అనే బ్రిటిష్ సైనికాధికారి పోర్ట్ సయీద్ పక్కనున్న మంజలా సరస్సు దగ్గర ఉండగా రాత్రి పెనుగాలి వీచింది. తెల్లారి చూస్తే నీళ్లు సుమారు 7 మైళ్లు వెనక్కి పోయి, ముందు రోజు పడవలు తేలిన చోట మనుషులు బురదలో నడుస్తున్నారు. ఆయన దాన్ని 1896లో ప్రచురించాడు. 2010లో కార్ల్ డ్రూస్, వేచింగ్ హాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ప్రాంతపు పాత నేల రూపాన్ని కంప్యూటర్లో కట్టి చూశారు. సెకనుకు 28 మీటర్ల (గంటకు సుమారు 100 కిలోమీటర్ల) తూర్పుగాలి 12 గంటలు వీస్తే, సుమారు 2 మీటర్ల లోతున్న నీళ్లు తొలగి 3 నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు దారి తేలుతుందని, అది 4 గంటలు నిలుస్తుందని తేలింది. గాలి ఆగితే నీళ్లు వేగంగా తిరిగొచ్చేస్తాయి.

వాళ్ల పనిలో నాకు గట్టిగా అనిపించేది ఇంకొకటి. మామూలు చెరువులో గాలి వీస్తే ఒక వైపే నీరు మిగులుతుంది. కానీ వాక్యం కుడి పక్కన, ఎడమ పక్కన నీళ్లున్నాయంటుంది. వాళ్లు ఎంచుకున్న చోట నైలు పాయ ఒకటి వచ్చి సరస్సులో కలుస్తూ వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గర నీళ్లు రెండుగా విడి, ఒక భాగం సరస్సులోకి, ఒక భాగం పాయలోకి జరుగుతాయి. మధ్యలో దారి, రెండు పక్కలా నీళ్లు. 1992లో నోఫ్, పాల్డోర్ అనే పరిశోధకులు సూయెజ్ సింధుశాఖ కొసకు చేసిన లెక్కలో ఇది రాదు. పైగా అక్కడ గాలి ఆ సింధుశాఖ పొడవునా, వాయవ్యం నుంచి వీయాలి. తూర్పుగాలి అన్న మాటకు అది సరిపోదు.

ఇబ్బందులూ చెప్పాలి. ఇశ్రాయేలీయులు తూర్పుకు, అంటే గాలికి ఎదురు నడవాలి. గంటకు 100 కిలోమీటర్ల గాలి అంటే మన వాతావరణ శాఖ లెక్కలో తీవ్ర తుపాను స్థాయి. నిలబడ్డ పెద్దమనిషి ఒంటి మీద అది సుమారు 33 కిలోల బరువుతో నెడుతుంది. బలమున్నవాడు ముందుకు వంగి నడవగలడు, చంటిపిల్లనెత్తుకున్న తల్లికి చాలా కష్టం. కింద నేల బురద. 14:25లో రథ చక్రాలు ఊడి లాగడం కష్టమైందని ఉన్నది బురదకు చక్కగా సరిపోతుంది, మరి అదే బురదలో వీళ్ల మందలు ఎలా నడిచాయన్న ప్రశ్న కూడా మిగులుతుంది. వాక్యం చెప్పే ఆరు లక్షల మంది పురుషులంటే కుటుంబాలతో 20 లక్షలు. వరసకు వెయ్యి మంది, వరసకూ వరసకూ 2 మీటర్ల ఎడం అనుకున్నా ఆ ఊరేగింపు పొడవు 4 కిలోమీటర్లు. 4 గంటల్లో దాటడం ఏమాత్రం సందు లేని లెక్క. ఇక్కడ ఒక సంగతి గమనించండి. "వెయ్యి"కి హెబ్రీలో ఉన్న ఎలెఫ్ అనే మాటకు కుటుంబం, వంశం అనే అర్థమూ ఉంది. మీకా 5:2లో బేత్లెహేము గురించి "యూదావారి కుటుంబములలో" అని మనం చదివేది ఆ మాటే. ఆరు వందల కుటుంబాలు అనుకుంటే లెక్క ఎంతో తేలికవుతుంది. పండితులందరూ దీన్ని ఒప్పుకోరు.

పిల్లలకు చూపించాలనుకుంటే అడుగు సమంగా ఉన్న పొడవాటి ట్రే తీసుకోండి. 3 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు నీళ్లు కలపండి. అది కలపకపోతే నీళ్లు ముత్యాల్లా ముడుచుకుని ప్రయోగం పాడవుతుంది. హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి ఒక కొస నుంచి నీటికి సమాంతరంగా ఊదండి. పై నుంచి ఊదితే గుంట పడుతుందే తప్ప నీళ్లు జరగవు. తర్వాత అదే గాలి 5 సెంటీమీటర్ల నీళ్ల మీద. అడుగు కనపడదు. నువైబా ఎందుకు కుదరదో వాళ్లకే అర్థమవుతుంది.

యొర్దాను సంగతి దీనికంటే సూటిగా ఉంటుంది. యెహోషువ 3:16లో నీళ్లు యెరికో ఎదుట ఆగలేదు, చాలా దూరంలో ఆదాము అనే ఊరి దగ్గర రాశిగా నిలిచాయని ఉంది. ఆ ఊరు ఇప్పటి దామియా, యెరికో రేవుకు ఎగువన సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ నది మెత్తటి సున్నపు మట్టి గట్ల మధ్య, వాటి కాళ్లు కోసుకుంటూ పారుతుంది. పైగా ఆ లోయంతా మృత సముద్రపు భ్రంశ రేఖ (భూకంపాలు పుట్టే నేల పగులు) మీద ఉంది. 1267 డిసెంబరులో బైబర్స్ సుల్తాను కట్టించిన దామియా వంతెన మరమ్మతు జరుగుతుండగా ఎగువన గట్టు విరిగి పడి కొన్ని గంటల పాటు నది ఆగిందని అరబ్బు చరిత్రకారుడు నువైరీ రాశాడు. ఆయన భూకంపం మాటే ఎత్తలేదు, గట్టు దానంతటదే పడింది. 1546 జనవరి భూకంపానికీ నది ఆగినట్టు రాతలున్నాయి. 1927 జూలై 11 భూకంపంలో 21 గంటలు ఆగిందని అందరూ ఉదహరిస్తారు గానీ, ఆ గంటల లెక్క మీద తర్వాతి పరిశోధకులు సందేహం వెలిబుచ్చారు. అందుకే 1927 కన్నా 1267 చెప్పడం మేలు.

ఇక్కడ తరచూ మరిచిపోయే లెక్క ఒకటుంది. 30 కిలోమీటర్ల ఎగువన నది ఆగితే యెరికో దగ్గర వెంటనే ఎండదు. సెకనుకు ఒకటి, ఒకటిన్నర మీటర్ల వేగంతో పారే నదిలో ఉన్న నీళ్లు కిందికి జారిపోవడానికే 5 నుంచి 8 గంటలు పడుతుంది. యాజకుల కాళ్లు నీటిని తాకే వేళకు నది తగ్గాలంటే గట్టు ఆ తెల్లవారుజామునో, అర్ధరాత్రో విరిగి ఉండాలి. "అయితే ఇది దేవుడు చేసింది కాదా?" అని పిల్లలు అడిగేది ఇక్కడే. గట్టు ఎలా పడిందో భూగర్భ శాస్త్రం చెప్పగలదు. ఆ రాత్రే ఎందుకు పడిందో దాని పరిధిలోది కాదు. విశ్వాసి అద్భుతం అనేది ఆ వేళ కుదరడాన్ని. ఈ రెండింటినీ కలిపేయకుండా విడివిడిగా చెప్పండి, పిల్లలు చక్కగా పట్టుకుంటారు.

యెరికో గోడల దగ్గర మాత్రం జాగ్రత్త. భూకంపాల లోయలో గోడలు కూలడం వింతేమీ కాదు. చిక్కు కాలంతో. 1930లలో తవ్విన గార్‌స్టాంగ్ ఆ కూలిన పట్టణాన్ని క్రీ.పూ. 1400 ప్రాంతానికి చెందినదన్నాడు. 1952 నుంచి 1958 దాకా తవ్విన కాథ్లీన్ కెన్యన్ అది క్రీ.పూ. 1550 ప్రాంతానిదని తేల్చింది. 1995లో ప్రచురించిన కాలిన ధాన్యపు రేడియోకార్బన్ పరీక్షలు కూడా 1400కు కాదు, ఈ పాత తేదీకే దగ్గరగా వచ్చాయి. యెహోషువ కాలం దానికి ఎంతో తర్వాత. కాబట్టి "భూకంపం రుజువైంది" అనే వీడియో తేదీల సంగతి దాచిపెడుతోందని అర్థం.

మన్నాకు వద్దాం. 1927లో బోడెన్‌హైమర్ అనే కీటక శాస్త్రజ్ఞుడు సీనాయికి వెళ్లి చూసి, టామరిస్క్ చెట్ల రసం పీల్చే పొలుసు పురుగులు విసర్జించే తీపి బొట్లే మన్నా అన్నాడు. మన బైబిల్లో అబ్రాహాము బెయేర్షెబాలో నాటిన పిచులవృక్షం ఈ జాతి చెట్టే. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే ఆకులు జిగురు జిగురుగా అవుతాయి కదా, అదే తీరు. ఎడారి పొడి గాలికి ఆ బొట్లు ఆరి గింజల్లా గట్టిపడతాయి. పోలికలు బాగున్నాయి: కొతిమెర గింజంత ఉంటుంది, పొద్దున్నే ఏరుకోవాలి, ఎండెక్కితే చీమలు ఎత్తుకుపోతాయి, రుచి తేనెలా ఉంటుంది.

పరిమాణం దగ్గరే ఇది ఆగిపోతుంది. ఆ బొట్లు దొరికేది వేసవి మొదట్లో కొద్ది వారాలే, సీనాయి మొత్తానికి ఏడాదికి కొన్ని వందల కిలోలు. మనిషికి రోజుకు ఒక ఓమెరు అంటే సుమారు 2.2 లీటర్లు. రెండు వందల మందికి ఒక్క రోజుకే 400 లీటర్లు దాటుతుంది. ఏడాది పంటంతా కలిపినా వాళ్లకు ఒక్క రోజు గడవడమే గొప్ప. అందులో ఉన్నది చక్కెరలే, మాంసకృత్తులు లేవు, దాని మీద నలభై ఏళ్లు బతకలేరు. ఏడో రోజు రాకపోవడానికి పురుగుల్లో కారణం లేదు. మన్నా అనే మాటకు, రూపానికి మూలం ఇదై ఉండొచ్చు. అంతకు మించి చెప్పకూడదు.

పూరేళ్లు మాత్రం చక్కగా సరిపోతాయి. ఆ పిట్టలు వసంతంలో ఆఫ్రికా నుంచి ఉత్తరానికి, ఆకురాలే కాలంలో తిరిగి దక్షిణానికి వలస పోతాయి, అలిసిపోయి సీనాయి మీద గుంపులుగా వాలతాయి. నిర్గమకాండం 16:1 చెప్పేది రెండో నెల, అంటే వసంతమే. సంఖ్యాకాండం 11:31లో వాటిని తెచ్చింది సముద్రం మీది గాలి. మాంసం పళ్ల మధ్య ఉండగానే తెగులు పుట్టిందన్న మాటకూ పోలిక ఉంది: వలస పూరేళ్లను తిన్న కొందరిలో కొన్ని గంటల్లోనే కండరాలు దెబ్బతినే విషప్రభావం వైద్యులకు తెలిసిందే.

మారాలో చేదు నీళ్లు చెట్టు వేస్తే తియ్యనయ్యాయన్నదానికి మునగ గింజల్ని చూపించే వీడియో కూడా ఉంది. మన ఊళ్లలో ఇండుపగింజ (చిల్లగింజ) అరగదీసి కడవలో కలిపితే బురద అడుగుకు దిగుతుంది, మునగ గింజా అదే పని చేస్తుంది. కానీ అది దించేది తేలే మట్టిని. ఎడారి బావుల్లో చేదు మెగ్నీషియం లాంటి లవణాలు నీళ్లలో కరిగి రావడం వల్ల వస్తుంది. కరిగిన ఉప్పును గింజ తియ్యలేదు. ఈ వివరణ వదిలేయండి.

ఐగుప్తు తెగుళ్లకు గ్రెటా హార్ట్ అనే పండితురాలు 1957, 58లలో ఒక గొలుసు కట్టింది: వరదతో వచ్చిన ఎర్రమట్టి, నీటిని ఎర్రగా మార్చే సూక్ష్మజీవులు, చేపల చావు, ఒడ్డెక్కిన కప్పలు, దోమలు, పశువుల రోగం. మొదటి సగం బలంగా ఉంది. జనం నది చుట్టూ చెలమలు తవ్వుకుని నీళ్లు తాగారని 7:24లో ఉంది, ఇసుకలో వడకట్టుకోవడం అన్నమాట. మాట్లాడే కొద్దీ నాకు ముచ్చటగా తోచేది వడగండ్ల కాలం. 9:31, 32లో యవలు వెన్నులు వేశాయి, జనుప (అసలు అవిసె) పూసింది, గోధుమ ఇంకా ఎదగలేదు. ఐగుప్తు పంటల్లో ఇది జనవరి చివర, ఫిబ్రవరి. ఆ పంటల వరస తెలిసినవాళ్లు రాసిన వాక్యం ఇది. మిడతల్ని తూర్పుగాలి తెచ్చింది, పడమటి గాలి తీసుకుపోయింది, అదీ సహజమే. జ్యేష్ఠ పుత్రుల చావుకు బూజు పట్టిన ధాన్యం అని 1996లో ఇద్దరు వైద్య రంగ పరిశోధకులు అన్నది మాత్రం చాలా సాగదీసిన మాట. బూజుకు పెద్దవాడు, చిన్నవాడు అన్న తేడా ఉండదు.

సిలువ నాటి మూడు గంటల చీకటి సూర్యగ్రహణం అని ఎవరైనా అంటే పంచాంగం తెలిసిన ఏ అమ్మమ్మయినా సరిదిద్దుతుంది: సూర్యగ్రహణం అమావాస్యకే పడుతుంది, పస్కా పౌర్ణమికి వస్తుంది. పైగా సంపూర్ణ గ్రహణం ఒక చోట ఎనిమిది నిమిషాలు కూడా ఉండదు. ఆ రుతువులో అక్కడ వీచే ఎడారి ధూళిగాలి కొంత దగ్గరి వివరణ. గలిలయ సరస్సు మీద మంచు పలక తేలిందని, యేసు నడిచింది దాని మీదేనని 2006లో వచ్చిన లెక్క కూడా వాక్యంతో పొసగదు. అక్కడ పడవ అలల్లో కొట్టుకుంటోంది.

సొదొమ మీద ఉల్క గాలిలో పేలిందని, యొర్దాను దేశంలోని తల్ అల్ హమ్మామ్ దిబ్బే ఆ ఊరని 2021లో వచ్చిన వ్యాసాన్ని చూపించే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2025 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది. వీడియోలో ఏదైనా పరిశోధన పేరు చెబితే ఆ శీర్షికను వెతికి, వ్యాసం పైన "రిట్రాక్టెడ్" అన్న ముద్ర ఉందేమో చూశాకే పిల్లలకు చెప్పండి. రెండు నిమిషాల పని.